క్వార్టర్లతో మనిషిని కొలవకండి

జడ్చర్లలో ఏ దావత్‌కు పోయినా ఒక మాట వినబడుతుంది. "ఆడు ఫుల్లు గొట్టినా తూలడు." చెప్పేవాడి గొంతులో గౌరవం ఉంటుంది, వినేవాళ్ల ముఖాల్లో అసూయ ఉంటుంది. ఆ మాటను పొగడ్తగా ఇక ఒక్కరోజు కూడా సహించలేను. ఒక మనిషి సీసాడు తాగి కూడా తూలడం లేదంటే, అతని మెదడు ఏళ్ల తరబడి విషం తాగి తాగి దానికి లొంగిపోయిందని అర్థం. దవాఖానలో డాక్టర్ జబ్బు లక్షణంగా రాసుకునే దాన్ని మనం మగతనంగా చెప్పుకుంటున్నాం. పక్కన కూర్చున్న పందొమ్మిదేళ్ల పోరడు అది విని, నేను కూడా అంతటోణ్ని కావాలనుకుంటున్నాడు. నా కోపమంతా ఇక్కడే ఉంది.

మా ఊరు తొవ్వల కూడలి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, రాయచూరు తొవ్వ, కల్వకుర్తి తొవ్వ ఇక్కడ కలుస్తాయి. ఆనుకునే బాదేపల్లి మార్కెట్ యార్డు, అవతల పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు. లారీ డ్రైవర్లు, హమాలీలు, షిఫ్టు దిగిన కంపెనీ పోరగాళ్లు, పల్లి అమ్మి పైసలు చేతిలో పట్టుకున్న రైతులు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కూలీలు, అందరికీ పొద్దుగూకితే కలిసే చోటు వైన్స్. కలవడానికి కారణాలకేం తక్కువ లేదు. బోరులో నీళ్లు పడ్డా దావతే, ప్లాటు రిజిస్ట్రేషన్ అయినా దావతే, మొదటి జీతం పడ్డా దావతే. మనిషి చచ్చిపోతే పదొద్దుల నాడు కూడా సీసాలు లేకపోతే ఊరు ముఖం ముడుచుకుంటుంది. అప్పు చేసి దినాలు చేసిన ఇండ్లు నాకు తెలుసు. ఆ అప్పులో బియ్యం పైసల కంటే మందు పైసలే ఎక్కువ.

ఆ దావత్‌లో తాగనోడికి జరిగే మర్యాద చూడండి. "నా మీద ఒట్టు, ఒక్క పెగ్గే" అని మొదలవుతుంది. కాదంటే "ఏందిర, ఆడపిల్ల లెక్క చేస్తున్నవ్" అంటారు. ఇంకా కాదంటే గ్లాసులోని కూల్‌డ్రింక్‌లో చెప్పకుండా కలుపుతారు. కలిపి, వాడు తాగిన తర్వాత అందరూ నవ్వుతారు. ఒక మనిషి ఒంట్లోకి, అతను వద్దన్న మత్తును, అతనికి తెలియకుండా ఎక్కించడం తమాషా కాదు, దాడి. రేపు అదే పని ఎవరైనా మీ చెల్లెలి గ్లాసులో చేస్తే మీరే పోలీస్ స్టేషన్‌కు ఉరుకుతారు. మగవాడి గ్లాసు అనేసరికి ఆ నేరం సరదా ఎట్లయింది?

వీటన్నిటికంటే గట్టిగా తగిలే మాట మరొకటి ఉంది. "మా ఇంట్ల తాగవా? మేం తక్కువోళ్లమా?" ఈ మాటను నేను కొట్టిపారేయను. ఒకరి గ్లాసు ఒకరు ముట్టని ఊళ్లు మనవి. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన తరం ఇంకా బతికే ఉంది. అట్లాంటి చోట, నా చేతి గ్లాసు అందుకున్నవాడే నన్ను మనిషిగా చూశాడని ఒకరు అనుకుంటే అందులో ఎన్నో ఏండ్ల గాయం ఉంది. కానీ ఆ గాయానికి మందు మందుసీసా కాదు. అన్నా, నీ ఇంట్లో బువ్వ తింటాను, నీ కంచంలో తింటాను, నీ కుండలో నీళ్లు తాగుతాను. నన్ను పరీక్షించాలనుకుంటే దానితో పరీక్షించు. కులం అడ్డుగోడను క్వార్టర్ సీసాతో కూల్చాలనుకున్నవాళ్ల పొద్దుటి ముఖం చూడండి. రాత్రి భుజం మీద చెయ్యి వేసినవాడే తెల్లారి పేరు పెట్టి పిలవకుండా కులం పెట్టి పిలుస్తాడు.

ఇక "తూలడు" అన్న ఆ గొప్పదనం ఒంట్లో ఎట్లా తయారవుతుందో చెబుతాను. మెదడులో గాబా అనే రసాయనం పగ్గం పట్టుకుంటుంది, గ్లుటమేట్ అనేది పరుగెత్తిస్తుంది. మందు పోగానే పగ్గం బిగుస్తుంది, పరుగు ఆగుతుంది. అందుకే మొదట హాయి, తర్వాత ముద్దమాట, ఆ తర్వాత తూలడం. రోజూ ఇట్లాగే జరుగుతుంటే మెదడు తన కొలతలు మార్చుకుంటుంది. గాబాకు స్పందించడం తగ్గిస్తుంది, గ్లుటమేట్‌కు స్పందించడం పెంచుతుంది. అప్పుడు పోయిన ఏడు రెండు పెగ్గులకు ఎక్కిన మత్తు ఈ ఏడు నాలుగింటికి గానీ ఎక్కదు. మనం చప్పట్లు కొట్టే "కెపాసిటీ" ఇదే. దాని రెండో సగం పొద్దున కనబడుతుంది. రాత్రి తాగింది దిగిపోగానే పగ్గం వదులవుతుంది, పెంచి పెట్టిన పరుగు మాత్రం అట్లాగే ఉంటుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె కొట్టుకుంటుంది. సరిచేసుకోవడానికి పొద్దున్నే ఒక నైంటీ కావాలి. బస్టాండ్ దగ్గర పొద్దున ఛాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునే పెద్దమనుషులను గమనించండి. వాళ్లు కూడా ఒకప్పుడు ఫుల్లు కొట్టినా తూలనివాళ్లే.

అమెరికాలో శాన్‌డియేగోకు చెందిన మార్క్ షకిట్ అనే మానసిక వైద్యుడు ఈ సంగతినే ఏళ్ల తరబడి వెంటాడాడు. తాగుడుకు బానిసలైన తండ్రుల కొడుకులను ఇరవై ఏండ్ల ప్రాయంలో పిలిచి, కొలిచిన మోతాదు తాగించి, ఎవరికి ఎంత ఎక్కిందో రాసుకున్నాడు. దాదాపు పదేండ్ల తర్వాత వాళ్లను మళ్లీ వెతికి చూశాడు. 1994లో అచ్చయిన ఆ ఫలితం ప్రతి దావత్‌లో చదివి వినిపించాల్సింది. మొదట తక్కువ ఎక్కినవాళ్లలో నూటికి 56 మంది మద్యానికి బానిసలయ్యారు. బాగా ఎక్కినవాళ్లలో ఆ లెక్క 14. అంటే "నాకు నాలుగు పెగ్గులకు కూడా ఏం కాలె" అని ఎగిరే పోరడే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. రెండు పెగ్గులకే కక్కుకుని మూల కూర్చున్నవాడి ఒళ్లు వాడికి కాపలా కాస్తోంది. మనం మొదటివాణ్ని భుజాలకెత్తుకుని, రెండోవాణ్ని "ఇంకా అలవాటు కాలె" అని వెక్కిరిస్తున్నాం. కాపలా కాసేదాన్ని తరిమి, ప్రమాదాన్ని ఇంట్లోకి పిలిచే పని ఇది.

మెదడు అలవాటు పడినంత మాత్రాన కాలేయం, క్లోమం, అన్నవాహిక అలవాటు పడవు. తూలనివాడు ఎక్కువ తాగుతాడు, అంతే. ఎక్కువ తాగుతాడు కాబట్టి అతని ఒంట్లో ఎక్కువ విషం తయారవుతుంది. మందు కాలేయంలో ముందు అసిటాల్డిహైడ్ అవుతుంది, అది కణాలను కాల్చే పదార్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యపానాన్ని 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము. 2023 జనవరిలో ఆ సంస్థే ఇంకో మాట చెప్పింది: ఇంత వరకైతే ఏమీ కాదు అనదగ్గ మోతాదు అంటూ లేదు. అయినా మన దగ్గర "రోజూ ఒక పెగ్గు గుండెకు మంచిది" అని చదువుకున్నవాళ్లే చెబుతున్నారు.

ఎవరికి ఎంత పడుతుందన్నది మగతనం తేల్చే విషయం కాదు. బరువు, ఒంట్లో నీటి పాలు, ఖాళీ కడుపా నిండు కడుపా, వేసుకుంటున్న మాత్రలు, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే గ్లాసుకు నెత్తురులో మత్తు ఎక్కువ చేరుతుంది. టీబీ మాత్రలు వాడుతూ తాగితే కాలేయం రెండు వైపుల నుంచి దెబ్బ తింటుంది. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో తాగితే నెత్తురులో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు "ఎక్కువైంది, పండుకోనియ్యిరి" అంటారు. ఆ మనిషి మళ్లీ లేవడు. అతణ్ని చంపింది షుగరా, మందా, లేక "ఒక్క పెగ్గే" అని ఒట్టు పెట్టిన బామ్మర్దా?

లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర మందు లెక్కను సీసాల్లో చెబుతారు, ఒంటి లెక్కలో చెప్పరు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం గంటకు కాల్చగలిగేది ఏడెనిమిది గ్రాములు, బాగా అలవాటు పడ్డవాడిలో మరికొంచెం ఎక్కువ. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, ఇవేవీ ఆ వేగాన్ని పెంచవు. రాత్రి పదింటికి ఒక క్వార్టర్ ముగించినవాడి ఒంట్లో తెల్లారి ఐదింటికి కూడా మందు మిగిలే ఉంటుంది. ఫుల్ బాటిల్ దించినవాడికి అది ఒకరోజు దాటి కూడా దిగదు. "బీరు మందు లెక్కలోకి రాదు" అంటారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 35 గ్రాములకు పైగా ఉంటుంది. రెండు బీర్లు అంటే క్వార్టర్ దాటినట్టే.

ఈ లెక్కను పట్టుకుని 44వ నంబరు రోడ్డు మీదికి రండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. 60 కిలోల మనిషి ఖాళీ కడుపుతో గంటలో క్వార్టర్ తాగితే అది 100 దాటుతుంది. అలవాటు పడ్డవాడికి ఆ 100 దగ్గర కూడా మాట స్పష్టంగానే ఉంటుంది. "నేను బాగనే ఉన్న, తాళాలియ్యి" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే బాగున్నానని అనుకుంటున్నాడు. మాట తడబడకపోయినా బ్రేకు మీదికి కాలు పోయే వేగం తగ్గి ఉంటుంది, చీకట్లో ఎదుటి లైటు దూరం అంచనా తప్పుతుంది. తూలనివాడి చేతికి తాళాలు ఇచ్చే ప్రతి స్నేహితుడూ ఈ తేడా తెలియక ఇస్తున్నాడు. తూలేవాడి చేతికి ఎట్లాగూ ఇవ్వరు. కాబట్టి రోడ్డుకు ఎక్కువ ముప్పు "కెపాసిటీ" ఉన్నవాడి నుంచే.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో మరచిపోయారా? హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు, మా ఊరి మీదుగా పోయే ఇదే రహదారి. అంతకు ముందే తాగి బైకు నడిపిన ఒక యువకుడు డివైడర్‌ను గుద్దుకుని చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి బస్సు ఎక్కి, దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బస్సు డ్రైవర్ తప్పు, బస్సు కట్టిన తీరులో తప్పు, బైకును రోడ్డు మీది నుంచి తీయని తప్పు, అన్నీ ఉన్నాయి. వాటి మీద పేజీలకు పేజీలు రాశారు. ఆ రాత్రి అతను బండి తీస్తుంటే తాళాలు లాక్కోవాలని ఎవరికైనా అనిపించి ఉంటే అన్న ప్రశ్న మీద మాత్రం ఎవరూ ఆగలేదు.

జాతీయ రహదారుల పక్కన 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండొద్దని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. చిన్న ఊళ్లకు ఆ దూరాన్ని 2017 మార్చిలో 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడు జూలైలో మున్సిపాలిటీల హద్దుల్లోని రోడ్లకు ఆ తీర్పు అడ్డురాదని తేల్చింది. జడ్చర్ల మున్సిపాలిటీ. ఇంతకంటే ఏం చెప్పాలి?

ఇప్పుడు కల్లు దగ్గరికి వస్తాను. పాలమూరులో మందు గురించి మాట్లాడి కల్లును వదిలేయడం పిరికితనం. చెట్టు నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతం. పొద్దున తీపి, మధ్యాహ్నానికి వగరు, సాయంత్రానికి పులుపు. మోకు, ముత్తాదు కట్టుకుని తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ప్రాణం పణంగా పెట్టి దించే కల్లు అది. చెట్టు మీది నుంచి పడి నడుం విరిగి మంచాన పడ్డ గౌడన్నలు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆయన మీద నాకు ఒక్క మాట కూడా లేదు. పోచమ్మకు, ఎల్లమ్మకు సాక పోసే ఆచారం మీద కూడా లేదు. నేను మాట్లాడేది సీసాల్లో, డ్రమ్ముల్లో వచ్చే కల్లు గురించి. చెట్లు లేని చోట కూడా కల్లు పారుతోంది. ఎక్కడి నుంచి? నీళ్లు, శాకరిన్, దాంట్లో క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం.

ఎందుకు కలుపుతున్నారని అడిగితే దుకాణం నడిపేవాళ్లు చెప్పే సమాధానం ఒకటే: "కిక్కు లేకపోతే జనం వేరే దుకాణానికి పోతరు." వాళ్లు తప్పించుకోవడానికి చెప్పే మాటే అయినా, అందులో మన వాటా కూడా ఉంది. డైజోపాం, అల్ప్రాజోలం పనిచేసేది మెదడులో మందు పనిచేసే ఆ గాబా దగ్గరే. ఒకదానికి అలవాటు పడ్డ మెదడు రెండోదానికి కూడా సగం అలవాటు పడే ఉంటుంది. అందుకే విస్కీ తాగేవాడికి వట్టి కల్లు ఎక్కదు. ఎక్కలేదని సీసా విసిరికొడతాడు. దుకాణంవాడు ఇంకొంచెం పొడి వేస్తాడు. నెల తిరిగేసరికి దానికి కూడా అలవాటవుతాడు. పొడి మళ్లీ పెరుగుతుంది. ఎక్కువ తట్టుకున్నవాణ్ని మొనగాడనే ఊళ్లో ఈ మెట్లకు చివర లేదు. పక్కన కూర్చుని అదే సీసా తాగిన ముసలమ్మకు, నాట్లు వేసి వచ్చిన ఆడకూలీకి, పనికి పోనీయకుండా ఏడుస్తుందని పసిపిల్ల నోట్లో పోసిన రెండు గుక్కలకు కూడా ఆ మొనగాడి మోతాదే పోతుంది.

2015 సెప్టెంబర్‌లో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు చేసింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో దవాఖానలు నిండిపోయాయి. తాగినందుకు కాదు, దొరకనందుకు. మనుషులు ఫిట్స్‌తో పడిపోయారు, లేని మనుషులతో మాట్లాడారు, సొంతవాళ్లను గుర్తుపట్టలేదు, ప్రాణాలు కూడా పోయాయి. పల్లెలకు పల్లెలే తమకు తెలియకుండా నిద్రమాత్రలకు బానిసలయ్యాయని అప్పుడు బయటపడింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మళ్లీ అదే జరిగింది, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు వరస కట్టారు. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ జనరల్ ఆస్పత్రి వార్డుల్లో మళ్లీ అవే లక్షణాలు, మళ్లీ చావులు, కల్లు వల్లా కాదా అని నాయకుల వాదులాట. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ సెప్టెంబర్‌లోనే ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఒక బడి భవనంలో, కింద పిల్లలు చదువుకుంటుంటే పైన అల్ప్రాజోలం తయారు చేస్తున్న ముఠాను మత్తుపదార్థాల మీద నిఘా పెట్టే పోలీసు విభాగం ఈగల్ పట్టుకుంది. ఆ పొడి మహబూబ్‌నగర్ జిల్లా కల్లు దుకాణాలకు పోతోందని పోలీసులు చెప్పారు. మత్తుపదార్థాలను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే సరుకు అది. గంజాయి పొట్లంతో దొరికిన పోరణ్ని మీడియా ముందు నిలబెట్టే రాజ్యం, పల్లెలకు పల్లెలను మాత్రలకు బానిస చేసినవాళ్లలో ఎంతమందిని శిక్ష దాకా తీసుకుపోయింది?

ఈ జిల్లా నుంచి గుంపు మేస్త్రీల చేతుల్లో అడ్వాన్సు పట్టుకుని, ప్రాజెక్టులకు, కాలువలకు, బొంబాయి కట్టడాలకు పోయిన పాలమూరు లేబర్ కథ అందరూ చెబుతారు. ఆ కథలో సాయంత్రం పోసే సారా గురించి తక్కువ చెబుతారు. పగలంతా తట్ట మోసిన ఒళ్లు నొప్పులు తెలియకుండా ఉండటానికి అది పోసేవాళ్లు. తెల్లారి మళ్లీ తట్ట ఎత్తాలి కదా. "మనోళ్లకు పడుతది, మనోళ్లు గట్టోళ్లు" అని మేస్త్రీలు చెప్పిన మాటే ఇప్పుడు మన దావత్‌లలో గర్వంగా వినబడుతోంది. మన ఒంటిని పిండుకోవడానికి ఎవరో చెప్పిన మాటను మన పౌరుషంగా మోస్తున్నాం.

"అందరూ తాగుతరు, మనమొక్కరమే వేరేనా?" అనేవాళ్లకు ఒక అంకె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేండ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు 43.3 శాతం. ఆడవాళ్లలో 6.7 శాతం. దేశంలో ఇంత ఎక్కువ అంకెలున్న రాష్ట్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అది సిగ్గుపడాల్సిన సంగతే. కానీ ఆ అంకెను రెండో వైపు నుంచి కూడా చదవండి. తెలంగాణ మగవాళ్లలో సగానికి పైగా తాగరు. ఇంతమంది ఉండి కూడా దావత్‌లో మూలకు కూర్చుని, కూల్‌డ్రింక్ గ్లాసును దాచుకుని, "కడుపుల నొప్పి" అని, "మాత్రలు వాడుతున్న" అని అబద్ధాలు చెప్పుకుని బయటపడుతున్నారు. ఎందుకు భయపడాలి? మీరే ఎక్కువ మంది.

కాదనడానికి మన దగ్గర గౌరవమైన సాకు ఒక్కటే ఉంది. నవంబర్ రాగానే అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ని ఎవరూ బలవంతం చేయరు. "స్వామీ" అని పక్కకు జరుగుతారు. 41 రోజులు. దేవుడి మాల మెడలో ఉంటే తప్ప మనిషి మాటకు విలువ లేని చోట బతుకుతున్నాం మనం. మాల తీసిన రాత్రి ఏం జరుగుతుందో కూడా చూస్తున్నాం. 41 రోజులు మానినవాడి మెదడు మెల్లగా తన పాత కొలతలకు తిరిగి వచ్చి ఉంటుంది. స్నేహితులు ఎదురుచూసి, కూర్చోబెట్టి, మునుపటి మోతాదే పోస్తారు. ఒంటికి అది ఇప్పుడు రెట్టింపు. కక్కుకుని, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోయేది ఇట్లాంటి రాత్రుల్లోనే. మాల విడిచిన మనిషిని అంతే గౌరవంగా వదిలేయలేరా?

నిషేధం పెట్టమంటున్నావా అని అడుగుతారు. నేను అడగడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు లేచి సారా దుకాణాలను మూయించిన పోరాటానికి నేను చేతులెత్తి మొక్కుతాను. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం వాళ్లు గెలుచుకున్నవే. 1997లో ఖజానా పేరు చెప్పి దాన్ని ఎత్తేశారు. ఆ రెండేండ్లలో గుడుంబా ఎట్లా కాగిందో, పొరుగు రాష్ట్రాల నుంచి సీసాలు ఎట్లా దిగాయో కూడా చూసిన ఊరు మాది. హద్దు అవతలి రాయచూరుకు నేరుగా తొవ్వ ఉన్న ఊళ్లో తాళం వేసినంత మాత్రాన తాగుడు ఆగదు. కానీ నిషేధం నిలబడలేదు కాబట్టి ఏదీ చేయొద్దన్న వాదన దొంగవాదన. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు ఉన్నాయి. 2025లో వాటికి లాటరీ తీస్తే, ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని 3 లక్షలు కట్టి 95 వేలకు పైగా దరఖాస్తులు వేశారు. దుకాణం తెరవకముందే సర్కారుకు 2,800 కోట్లకు పైగా వచ్చాయి. అంత పెట్టినవాళ్లు దాన్ని ఎవరి దగ్గర రాబట్టుకోవాలి? అందుకే తండాల్లో, పల్లెల్లో కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు. పాలప్యాకెట్ దొరకని చోట క్వార్టర్ దొరుకుతుంది. దీన్ని ఆపాల్సిన పార్టీల సంగతీ తెలిసిందే: 2022లో మునుగోడు ఉప ఎన్నికలో ఓటరుకు మందు పోసినవాళ్లలో పార్టీ తేడా లేదు.

నేను అడిగేది ఇది. దావత్ ఇచ్చేవాడా, తాగనోడి గ్లాసు జోలికి పోకు. కారణం అడగకు. తాగేవాడి తాళాలు మొదటి పెగ్గుకు ముందే తీసుకో. "ఎంత తాగుతడో" అన్న ముచ్చట నీ ఇంట్లో నడవనియ్యకు. మామలు, బాబాయిలు, మీ అక్క కొడుకు మొదటిసారి కక్కుకుంటే నవ్వకండి, వాడి ఒళ్లు సరైన మాట చెబుతోందని చెప్పండి. ఆడబిడ్డలారా, తాగుడు మాన్పిస్తామని పసరు పోసేవాళ్లకు, బువ్వలో తెలియకుండా కలపమని పొడి అమ్మేవాళ్లకు పైసలు పెట్టకండి. అట్లాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక దాని మీద తాగిన మనిషి ప్రాణమే పోవచ్చు. పొద్దున చేతులు వణికే స్థితికి వచ్చినవాణ్ని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడకండి. ఆపిన ఆరేడు గంటల నుంచి వణుకు, రెండు రోజుల లోపల ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ రావచ్చు, ఆ మతిభ్రమతో మనుషులు చనిపోతారు. దవాఖానలో, మాత్రలతో, బీ1 విటమిన్ సూదులతో మెల్లగా దించాలి. 14446 నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

సర్కారును అడిగేది ఇంకా సూటిగా ఉంది. ప్రతి కల్లు దుకాణం గోడ మీద ఆ నెల తీసిన శాంపిల్ ఎప్పుడు తీశారో, ల్యాబులో ఏం తేలిందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. అల్ప్రాజోలం తేలిన దుకాణాన్ని మూసేసే రోజే ఆ పల్లెకు డాక్టర్‌ను, మాత్రలను కూడా పంపండి, 2015 మళ్లీ రానియ్యకండి. ఇప్పుడున్న మద్యం లైసెన్సులు 2027 నవంబర్ 30తో ముగుస్తాయి. కొత్త లాటరీ పిలిచే ముందు, జడ్చర్లలో ఎన్ని దుకాణాలు ఇస్తున్నారో చెప్పే కాగితం మీదే, జడ్చర్ల సర్కారు దవాఖానలో తాగుడు మాన్పించే వార్డుకు ఎన్ని మంచాలు, ఎంతమంది డాక్టర్లు ఇస్తున్నారో రాయండి. ఆ రెండో అంకె సున్నా అయితే మొదటి అంకె కూడా సున్నాయే కావాలని మున్సిపల్ కౌన్సిల్‌లో తీర్మానం పెట్టమని నేను మా వార్డు కౌన్సిలర్‌ను అడగబోతున్నాను. మీ వార్డులో మీరు అడగండి.